పెట్టె మీద అంకె వేరు, తెర మీద అంకె వేరు

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే, మొదలుపెడతాను.

కంప్యూటర్‌ని టెలిఫోన్ లైనుతో కలిపే మోడెమ్ డయల్ చేసే చప్పుడు మీలో చాలామంది రికార్డింగుల్లోనే విని ఉంటారు. నేను కొన్ని వేలసార్లు నేరుగా విన్నాను. ముందు డయల్ టోను, తర్వాత నంబరు నొక్కే స్వరాలు, అవతలి మోడెమ్ ఎత్తగానే 2100 హెర్ట్జ్ దగ్గర సన్నగా సాగే కూత. ఆ కూత మధ్యమధ్యలో చిన్న మెలిక తిరుగుతుంది. టెలిఫోన్ నెట్‌వర్క్‌లో ఉండే, ప్రతిధ్వనిని తీసేసే ఎకో కాన్సిలర్లకి "కాసేపు పక్కకి తప్పుకోండి" అని చెప్పడం అది. ఆ తర్వాత రెండువైపుల నుంచీ బీప్‌లు, లైను ఏ స్వరాన్ని ఎంత బాగా మోస్తుందో కొలుచుకోవడం, ఆఖరికి గరగరమని ఒక హోరు, ఉన్నట్టుండి నిశ్శబ్దం. తెర మీద ఒక్క లైను పడుతుంది: కనెక్ట్ 26400. అంటే సెకనుకి 26400 బిట్ల వేగంతో లైను కలిసిందని.

ఆ అంకె గురించే ఈరోజు నా మాటలన్నీ.

నేను మొత్తం ఐదు మోడెమ్‌లు వాడాను. సెకనుకి 2400 బిట్లతో మొదలుపెట్టి 14.4 వేలు, 28.8 వేలు, 33.6 వేలు, చివరికి 56కె, కె అన్నా వెయ్యే. అంటే నాలుగుసార్లు మార్చాను. ఆ నాలుగింటిలో పెట్టిన డబ్బుకి పూర్తిగా ఫలితం దక్కింది ఒక్కసారే. ఇంకొకటి ఫర్వాలేదు. మిగతా రెండుసార్లూ డబ్బు ఖర్చుపెట్టక ముందే చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, అవి చేసి ఉంటే కొనాల్సిన అవసరం చాలావరకు తీరిపోయేది. అది ఎందుకో లెక్క వేసి చూపిస్తాను, నా నోటి మాట మీద ఒప్పుకోవద్దు.

ఒక మెగాబైట్ ఫైలు తీసుకుందాం. 2400 మోడెమ్‌లో ఒక్కో అక్షరానికి మొదలు బిట్టు, ఆఖరి బిట్టు కలిపి పది బిట్లు పోతాయి, కాబట్టి సెకనుకి 240 అక్షరాలు. ఫైలు దిగడానికి గంటా పదమూడు నిమిషాలు. 14.4కి వెళితే తప్పులు దిద్దే పద్ధతి, అదే వి.42, ఆ మొదలు చివర బిట్లని తీసేసి పంపుతుంది కాబట్టి సుమారు పది నిమిషాలు. 28.8లో ఐదు నిమిషాలు. 33.6లో నాలుగు నిమిషాల చిల్లర. 56కె మోడెమ్ మంచి లైను మీద 45 వేల దగ్గర కలిస్తే మూడు నిమిషాలు. ఇప్పుడు మిగిలిన టైమ్ చూడండి. మొదటి మార్పులో గంటకి పైగా మిగిలింది. రెండో మార్పులో ఐదు నిమిషాలు. మూడోదాంట్లో ఒక నిమిషం కూడా లేదు. నాలుగోదాంట్లో ఒక నిమిషం. పెట్టె మీద మాత్రం ప్రతిసారీ అంతే పెద్ద అక్షరాలు, కొనేటప్పుడు మన గుండెల్లో అంతే ఆత్రం.

2400 నుంచి 14.4కి వెళ్లడంలో వేగం ఒక్కటే కాదు నాకు దక్కింది. నా 2400 మోడెమ్‌లో తప్పులు దిద్దే ఏర్పాటు లేదు. లైనులో చిటపట వచ్చిందంటే చదువుతున్న వాక్యం మధ్యలో వంకర బ్రాకెట్లు, అర్థంలేని గుర్తులు పడేవి. ఏదైనా కమాండ్ కొడుతుంటే అందులో ఒక చెత్త అక్షరం దూరి పని చెడిపోయేది. వి.42 ఉన్న మోడెమ్ వచ్చాక ఆ గుర్తులు మళ్లీ కనబడలేదు, ఎందుకంటే మోడెమే ముక్క ముక్కగా సరిచూసుకుని, తప్పు వస్తే మళ్లీ పంపమని అడుగుతుంది. ఈ నిశ్చింతకి నేను ఇప్పటికీ వేగం కంటే ఎక్కువ విలువ ఇస్తాను.

సరే, ఫైళ్ల సంగతి అది. చదవడం సంగతి వేరే. 300 బిట్ల మోడెమ్ కాలంలో, అంటే 1981లో హేస్ స్మార్ట్‌మోడెమ్ వచ్చినప్పటి వేగం, సెకనుకి 30 అక్షరాలు. మనిషి కళ్లతో చదివే వేగానికి దాదాపు సమానం. అక్షరాలు వస్తుంటే మనం వెంటే చదువుకుంటూ పోతాం. 80 అక్షరాల చొప్పున 25 వరసలున్న తెర నిండడానికి నిమిషం పైన పడుతుంది. 2400లో ఎనిమిది సెకన్లు. 14.4లో సెకనున్నర కూడా పట్టదు. ఉత్త టెక్స్ట్ చదువుకునేవాడికి అక్కడితో పని అయిపోయింది, ఆ తర్వాత ఎంత వేగం పెరిగినా కన్ను అంతకంటే వేగంగా చదవదు కదా. బొమ్మలున్న వెబ్ వచ్చాకే మళ్లీ ఆకలి మొదలైంది.

ఇప్పుడు అసలు ఖర్చు దగ్గరికి వద్దాం. నిమిషాల లెక్కన బిల్లు కట్టే రోజుల్లో మోడెమ్ ధర చిన్న ఖర్చు, కాల్ ఖర్చు పెద్దది. వేగం పెరిగితే కాల్ తగ్గుతుంది, ఆ మిగిలిన డబ్బుతో మోడెమ్ ఖర్చు వచ్చేస్తుంది అని అందరూ చెప్పేవాళ్లు. నేనూ అదే మాట ఇంట్లో చెప్పి కొన్నాను. మరి లెక్క చూడండి. అప్పట్లో నేను రోజుకి గంట లైన్లో ఉండేవాణ్ణి. అందులో డేటా నిజంగా ప్రవహించేది 20 నిమిషాలు, మిగతా 40 నిమిషాలు నేను చదువుతుంటాను, జవాబు టైప్ చేస్తుంటాను, ఆలోచిస్తుంటాను. లైను ఖాళీగా పడి ఉంటుంది, మీటరు తిరుగుతూనే ఉంటుంది. మోడెమ్ వేగం రెట్టింపు చేస్తే ఆ 20 కాస్తా 10 అవుతుంది. గంట 50 నిమిషాలైంది, అంతే. బిల్లులో ఆరో వంతు తగ్గింది. అదే పాత మోడెమ్‌తోనే ఆఫ్‌లైన్ రీడర్ పెట్టుకుని, ఉత్తరాలన్నీ ఒక్క మూటగా దింపుకుని, ఫోను పెట్టేసి, తీరిగ్గా చదివి, జవాబులన్నీ రాసుకుని మళ్లీ ఒకసారి డయల్ చేసి పంపితే? గంట కాస్తా 20 నిమిషాలవుతుంది. రూపాయి ఖర్చు లేకుండా 40 నిమిషాలు మిగిలాయి, కొత్త మోడెమ్ ఇచ్చింది 10.

పెద్ద పెద్ద ఫైళ్లు దింపుకునేవాళ్ల లెక్క వేరు, ఒప్పుకుంటాను. గంటలో 55 నిమిషాలు డేటానే ప్రవహిస్తుంటే వేగం రెట్టింపైనప్పుడు దాదాపు అరగంట మిగులుతుంది. వాళ్లు కొనాల్సిందే. కానీ ముందు తను ఎలాంటివాడో తెలుసుకోవాలి, దానికి ఒక వారం కాగితం పక్కన పెట్టుకుని టైమ్ రాసుకుంటే చాలు.

మోడెమ్ ధరని ఒక గంట కాల్ ఖర్చుతో భాగించండి. ఎన్ని గంటలు మిగిలితే పెట్టుబడి తిరిగొస్తుందో తెలుస్తుంది. ఆ సంఖ్య 200 అనుకుందాం. రోజుకి 10 నిమిషాలు మిగిలితే నెలకి 5 గంటలు, అంటే 40 నెలలు పడుతుంది. ఈలోపు ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. 14.4 ప్రమాణం వి.32బిస్ 1991లో వచ్చింది. 28.8 ఇచ్చే వి.34 1994లో. దాన్నే 33.6కి పొడిగించింది 1996లో. 56కెకి వి.90 కుదిరింది 1998లో. రెండు మూడేళ్లకి ఒకటి! 40 నెలలకి డబ్బు తిరిగొచ్చేసరికి చేతిలో ఉన్న పెట్టె పాతదైపోతుంది, మనిషి మళ్లీ కొత్తదాని వైపు చూస్తుంటాడు. బిల్లు తగ్గుతుందన్న పేరుతో కొన్న మోడెమ్ చాలా ఇళ్లలో బిల్లు తగ్గించకపోవడానికి కారణం ఇదే. పైగా వేగం పెరిగితే ఇంకా ఎక్కువ దింపుకోవాలనిపిస్తుంది, గంట గంటగానే ఉంటుంది.

ఇంకో మాట, కంప్యూసర్వ్ లాంటి ఆన్‌లైన్ సర్వీసులు ఒక దశలో వేగాన్ని బట్టి గంటకి రేటు వేసేవి, ఎక్కువ వేగంతో కలిస్తే ఎక్కువ రేటు. అక్కడ చదవడానికి కూర్చునేవాడు వేగంగా కలిస్తే నష్టమే.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయం. నా స్నేహితుడొకడు 14.4 కొన్నాడు. ఇంటికొచ్చి చూడమన్నాడు, "ఆరు రెట్లు వేగం అన్నారు, మూడు రెట్లు కూడా రావట్లేదు, మోడెమ్ పాడైందేమో చూడరా" అని. బయట పెట్టుకునే మోడెమ్, ముందువైపు ఎర్ర లైట్ల వరస. డేటా వస్తున్నప్పుడు వెలిగే లైటు ఉంటుంది, ఆర్‌డీ అని రాసి. నేను తెర వైపు చూడలేదు, ఆ లైటునే చూశాను. వెలిగింది, ఆరింది. ఆగింది. వెలిగింది, ఆరింది. ఆగింది. వెలిగిన సేపు కంటే ఆరిపోయి ఉన్న సేపే ఎక్కువ. ఫైలు దేంతో దింపుతున్నావని అడిగితే ఎక్స్‌మోడెమ్ అన్నాడు. అది 1977లో వార్డ్ క్రిస్టెన్‌సన్ రాసిన పద్ధతి, 128 బైట్ల ముక్క పంపి, "అందింది" అన్న జవాబు వచ్చేదాకా ఆగుతుంది, వచ్చాక తర్వాతి ముక్క పంపుతుంది. 2400లో ఒక ముక్క రావడానికే అర సెకను పడుతుంది కాబట్టి మధ్యలో ఆగే ఆ కాస్త పెద్దగా తెలియదు. 14.4లో ముక్క సెకనులో పదో వంతు లోపే వచ్చేస్తుంది, కానీ జవాబు వెళ్లి తర్వాతి ముక్క బయల్దేరే టైమ్ మాత్రం తగ్గదు, తప్పులు దిద్దే పని వల్ల ఇంకాస్త పెరుగుతుంది కూడా. అందుకే మోడెమ్ ఎక్కువసేపు ఊరికే కూర్చుంటోంది. జీమోడెమ్‌కి మార్చాం. 1986లో చక్ ఫోర్స్‌బర్గ్ రాసింది అది, ఆగకుండా పంపుతూనే ఉంటుంది, తప్పు వస్తే అక్కడి నుంచి మళ్లీ అందుకుంటుంది. అంతే, ఆ లైటు వెలిగి అలాగే నిలబడిపోయింది. మావాడి మొహం చూడాలి అప్పుడు! లైను మధ్యలో తెగిపోయినా ఆగిన చోటు నుంచే మొదలుపెట్టడం జీమోడెమ్‌లో ఉన్న మరో వరం. తొంభై శాతం దిగిన ఫైలు, వేరే గదిలో ఎవరో రిసీవర్ ఎత్తగానే పోయి, మళ్లీ మొదటి నుంచి దింపుకోవడం అనుభవించినవాళ్లకి దాని విలువ చెప్పక్కర్లేదు. ఇది డబ్బు పెట్టి కొన్నది కాదు, మెనూలో ఇంకో వరస ఎంచుకోవడం.

మోడెమ్‌కీ కంప్యూటర్‌కీ మధ్య ఉన్న సీరియల్ పోర్టు సంగతీ ఇలాంటిదే. పాత కంప్యూటర్లలో 8250, 16450 అనే చిప్పులుండేవి, వాటిలో వచ్చిన అక్షరాన్ని దాచుకునే చోటు ఒక్క బైటే. పోర్టుని 1,15,200కి పెడితే ప్రతి 87 మైక్రోసెకన్లకి ఒక బైటు వచ్చి పడుతుంది. ప్రాసెసర్ ఆ లోపల వచ్చి తీసుకోకపోతే తర్వాతి బైటు దాని మీద పడి పాతది పోతుంది. విండోస్ ఏదో డిస్కు పనిలో ఉంటే ఎక్కడ తీసుకుంటుంది? పోయింది మళ్లీ పంపమనడం, మళ్లీ పోవడం. 16550ఏ అనే చిప్పులో 16 బైట్ల వరస ఉంటుంది, అది ఉంటే ఈ గొడవ దాదాపు పోతుంది. కాబట్టి 28.8 కొనేవాళ్లు ముందు తమ కంప్యూటర్‌లో ఏ చిప్పు ఉందో చూసుకోవాలి. లేకపోతే లోపల అమర్చే మోడెమ్ కొనడం మేలు, సరైన హార్డ్‌వేర్ మోడెమ్ అయితే ఆ చిప్పు దానితోపాటే వస్తుంది. బయట పెట్టేదానికి వేరే లాభాలున్నాయి, లైట్లు కనబడతాయి, మొండికేస్తే దాని స్విచ్ ఒక్కటీ ఆపి వేసుకోవచ్చు, కంప్యూటర్ మార్చినా వెంట వస్తుంది. చౌకగా వచ్చిన సాఫ్ట్‌వేర్ మోడెమ్‌లు మాత్రం కొనమని నేను ఎవరికీ చెప్పలేదు. మోడెమ్ చేయాల్సిన లెక్కలన్నీ ప్రాసెసర్ మీద వేసి, మోడెమ్ ధరలో తగ్గించారు. కంప్యూటర్ నెమ్మదిస్తుంది, డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టంలో పనిచేయవు.

పెట్టె మీద 1,15,200 అని రాసిన మోడెమ్‌లు కూడా ఉండేవి. 28.8ని నాలుగుతో గుణించిన అంకె అది. డేటాని కుదించి పంపే వి.42బిస్ పద్ధతి మహా బాగా పనిచేస్తే నాలుగు రెట్లు అని లెక్క. ఉత్త టెక్స్ట్ రెండు మూడు రెట్లు కుదురుతుంది, నిజమే. కానీ మనం దింపుకునేవి జిప్ ఫైళ్లు, జేపెగ్ బొమ్మలు, అవి ముందే కుదించి ఉన్నవి, ఇంక కుదరవు. పాత ఎంఎన్‌పీ 5 పద్ధతి అయితే జిప్ ఫైళ్లని ఇంకాస్త పెంచేది కూడా.

ఇక లైను. టెలిఫోన్ లైను మనిషి గొంతు కోసం చేసింది, 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా. ఇంత వెడల్పులో, ఇంత రొదలో ఇన్ని బిట్లే పడతాయని సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ 1948లోనే లెక్క చెప్పాడు. మంచి లైను మీద ఆ లెక్క వేస్తే సుమారు 35 వేల బిట్లు వస్తుంది. 33.6 మోడెమ్ ఆ గోడకి ముక్కు ఆనించి నిలబడ్డట్టు. అందుకే అది పూర్తి వేగంతో కలవాలంటే లైను అద్దంలా ఉండాలి.

నా 33.6 కొన్న రోజు చెబుతాను. తగిలించాను, డయల్ చేశాను, తెర మీద 26400. పాత 28.8 కూడా అంతే చూపించేది. మళ్లీ చేశాను, 26400. చాలా బాధేసింది. రెండు సాయంత్రాలు కూర్చుని ఇంట్లో తీగలన్నీ వెతికాను. మోడెమ్‌కి వచ్చే తీగ మెలి తిప్పని చదును తీగ, చాలా పొడవు, కరెంటు అడాప్టర్ల పక్కనుంచే వస్తోంది. దాని మీద ఇంకో రెండు ఫోన్లు. తగిలించిన ప్రతి ఫోనూ, ఎటూ పోకుండా ఆగిపోయిన ప్రతి తీగ కొమ్మా సిగ్నల్‌ని కొంత తింటుంది, కొంత వెనక్కి కొడుతుంది. ఆ ఫోన్లు పీకేసి, లైను ఇంట్లోకి వచ్చే మొదటి సాకెట్ దగ్గరే కురచ తీగతో మోడెమ్ పెట్టాను. 31200 వచ్చింది. అప్పుడు అనుమానమొచ్చి పాత మోడెమ్ తీసి అదే సాకెట్‌కి పెట్టి చూశాను, 28800. దాని పూర్తి వేగం. అంటే ఇన్నాళ్లూ నా దగ్గర ఉన్నదాన్నే నేను పూర్తిగా వాడుకోలేదు. కొత్తదానికి పెట్టిన డబ్బుతో నాకు నిజంగా దక్కింది 2400 బిట్లు.

56కె మాత్రం తెలివైన పని. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల మధ్య మాట డిజిటల్‌గానే పోతుంది, సెకనుకి 8000 నమూనాలు, ఒక్కోటి 8 బిట్లు. ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు తమవైపు నేరుగా డిజిటల్ లైను పెట్టుకుంటే, మనకి వచ్చే దారిలో అనలాగ్ నుంచి డిజిటల్‌కి మార్చే మెట్టే ఉండదు, ఆ మెట్టు దగ్గర పుట్టే రొద కూడా ఉండదు. 8000ని నమ్మకంగా వాడుకోగలిగిన 7 బిట్లతో గుణిస్తే 56 వేలు. ఇది మనం దింపుకునేదానికి మాత్రమే, మనం పంపేది వి.90లో 33.6 దాటదు. వి.92 వచ్చాక 48 దాకా వెళ్లింది. రెండు ఇళ్లలో 56కె మోడెమ్‌లున్నా ఒకరికొకరు డయల్ చేసుకుంటే 33.6 మించదు. దారిలో ఎక్కడైనా ఇంకోసారి అనలాగ్‌కి మారి మళ్లీ డిజిటల్ అయితే అసలు 56కె కలవదు, అక్కడ మోడెమ్ తప్పేమీ లేదు.

1997లో రెండు రకాలు వచ్చాయి, యూఎస్ రోబోటిక్స్ ఎక్స్2 ఒకవైపు, రాక్‌వెల్, లూసెంట్‌ల కె56ఫ్లెక్స్ ఒకవైపు. మీ దగ్గర ఒకటి, ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ల దగ్గర రెండోది ఉంటే ఇద్దరూ కలిసి 33.6కి దిగిపోవాలి. ప్రమాణం కుదిరేదాకా ఆగినవాళ్లు, లేదా లోపలి ప్రోగ్రాం మార్చుకునే వీలున్న మోడెమ్ కొన్నవాళ్లు బాగుపడ్డారు. మిగతావాళ్లకి రెండోసారి ఖర్చు. ఇలాంటిదే 28.8 దగ్గర కూడా జరిగింది, వి.34 ఖాయం కాకముందే వి.ఎఫ్‌సీ అని ఒకటి అమ్మారు.

ఏదైనా అడగాలంటే అడగండి.

ఆటలకి పనికొచ్చేదా అంటున్నారు. పెద్దగా లేదు. మోడెమ్ లోపల జరిగే లెక్కల వల్ల వచ్చే ఆలస్యం వేగంతోపాటు తగ్గదు. కాకపోతే ఒకటుంది, 1500 బైట్ల ప్యాకెట్ 28.8 లైను మీద 0.4 సెకను పైనే లైనుని పట్టుకుని కూర్చుంటుంది. వెనక మీ ఆట తాలూకు చిన్న ప్యాకెట్ ఆగి ఉంటుంది. ప్యాకెట్ సైజు 576కి తగ్గిస్తే ఆ నిరీక్షణ 0.16కి వస్తుంది. ఇది కూడా ఉచితమే.

చివరి ప్రశ్న, అప్పుడు మీరు ఎవరికైనా సలహా ఇస్తే ఏమని ఇచ్చేవారు అని. 2400 వాడుతున్నవాళ్లకి ఆలోచించకుండా మార్చమని చెప్పేవాణ్ణి. 14.4 వాడేవాళ్లకి, బొమ్మల వెబ్ ఎక్కువ చూస్తుంటే మార్చమని. 28.8 ఉన్నవాళ్లు 33.6 కొంటానంటే నా మోడెమ్ తీసుకెళ్లి వాళ్ల ఇంట్లో పెట్టి, పగలు ఐదుసార్లు, రాత్రి ఐదుసార్లు డయల్ చేసి, తెర మీద పడిన అంకెలు కాగితం మీద రాసిచ్చేవాణ్ణి. 56కెకి కూడా అదే. పదిట్లో ఏడెనిమిదిసార్లు 40 వేలు దాటితే కొనుక్కోమని చెప్పాను. ఒక ఇంట్లో పదికి పదిసార్లూ 26400 వచ్చింది, వాళ్లు కొనలేదు.